చక్రవర్తి కోసం నాటిన అడవి, మన గద్దె దగ్గర నల్లమద్ది



జపాన్ నుంచి వచ్చినప్పటి నుంచి గ్రూపులో చాలామంది అడుగుతున్నరు, ఫోటోలు పెట్టినవ్ గానీ ముచ్చట రాయలేదేంది అని. సెమిస్టర్ పరీక్షలు అయిపోయినయ్, ఇప్పుడు తీరిక దొరికింది. ఎనిమిది రోజుల్లో చూసినవన్నీ రాస్తే మీరు చదవలేరు, నేను రాయలేను. అందుకే ఒక్క చోటు గురించే రాస్తున్న. టోక్యో నడిబొడ్డున ఉన్న మెయిజీ జింగు అనే షింటో గుడి. నేను పెట్టిన ఫోటోల్లో పెద్ద పెద్ద చెక్క స్తంభాల ద్వారం ఒకటి ఉంది కదా, అదే. ఈ గుడినే ఎందుకు పట్టుకున్ననంటే, సంక్రాంతి సెలవుల్లో మా గూడెంలో ఒక మీటింగ్ ఉంది. ఆ మీటింగ్‌కూ ఈ గుడికీ సంబంధం ఉంది. అది చివర్ల చెప్తా. పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. మాది ములుగు జిల్లాలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. హన్మకొండలో హాస్టల్‌లో ఉండి బీఎస్సీ బీజెడ్‌సీ చదువుతున్న. సైన్స్ విద్యార్థుల కోసం పెట్టిన ఒక పర్యటనకు ఎంపికై జపాన్ పోయిన. టికెట్, తిండి, బస అన్నీ వాళ్లే చూసుకున్నరు. పాస్‌పోర్ట్ ఎట్ల తీయాలి, ఏ కాగితాలు కావాలి అని అడిగినవాళ్లకు విడిగా మెసేజ్ పెడతా.

ఇక గుడి సంగతి. నవంబర్‌లో ఒక మధ్యాహ్నం మమ్మల్ని హరజుకు అనే స్టేషన్‌లో దింపిండ్రు. స్టేషన్‌కు ఒక పక్క బట్టల దుకాణాలు, రంగురంగుల జుట్టు వేసుకున్న పిల్లలు, కాలు పెట్టే జాగ లేని జనం. ఇంకో పక్క చూస్తే అడవి. పార్కు అనుకునేరు, పార్కు కాదు, అడవే. మా వెంట వచ్చిన గైడ్ అక్కడి యూనివర్సిటీలో చదివే ఒక అక్క. "ఇది 70 హెక్టార్లు" అని చెప్పింది. అంటే మన లెక్కలో 170 ఎకరాల పైమాటే. అంత ఖరీదైన ఊరి మధ్యల అంత అడవి.

లోపలికి పోయే దారి మీద తోరీ ఉంటది. షింటో గుడి ముందు నిలబెట్టే చెక్క ద్వారాన్ని తోరీ అంటరు. రెండు స్తంభాలు, పైన అడ్డ దూలాలు. తలుపులు ఉండవు. బయటి లోకం ఇక్కడితో అయిపోయింది, ఇక్కడి నుంచి దేవుడి జాగ అని చెప్పే గుర్తు అది. ఈ గుడి పెద్ద తోరీ 12 మీటర్ల ఎత్తు, స్తంభం మందం 1.2 మీటర్లు. ద్వారం కింద ఆగి ఒకసారి తల వంచి లోపలికి పోతరు. దారికి నడిమధ్య నడవరు, అది దేవుడు నడిచే దారి అట. మనుషులు పక్కల నుంచి నడుస్తరు. అందరి కాళ్ల కింద గులకరాళ్ల చప్పుడు తప్ప పెద్దగా మాటలు వినపడవు.

ఇంతకీ ఇక్కడ దేవుడు ఎవరు? ఒక చక్రవర్తి, ఆయన భార్య. మెయిజీ చక్రవర్తి 1852లో పుట్టి, చిన్న వయసులోనే 1867లో గద్దె ఎక్కాడు. అప్పటిదాకా వందల ఏళ్లుగా అసలు పాలన షోగన్ అనే సేనాపతుల చేతిలో ఉండేది. మెయిజీ పేరు మీద ఆ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చింది. రైళ్లు, బడులు, ఫ్యాక్టరీలు, 1889లో రాజ్యాంగం, అన్నీ ఆయన కాలంలోనే వచ్చాయి. 1912లో చనిపోయాడు. భార్య షోకెన్ మహారాణి 1914లో చనిపోయింది. ఆయన సమాధి క్యోటో వైపు ఉంది. టోక్యో జనం మా ఊళ్లో కూడా ఆయన గుర్తు ఉండాలని పట్టుబట్టడంతో ఈ గుడి కట్టారు. 1920 నవంబర్ 1న ఇద్దరినీ ఇక్కడ దేవతలుగా ప్రతిష్ఠించారు. అంటే ఇది సమాధి కాదు. వాళ్ల ఆత్మలకు ఇచ్చిన జాగ.

నాకు ఇక్కడ మేడారం గుర్తొచ్చింది. మీకూ వచ్చి ఉంటది. చచ్చిపోయిన మనిషి దేవుడు కావడం మనకు కొత్త కాదు. సమ్మక్క, సారలమ్మ, జంపన్న, పగిడిద్ద రాజు, గోవిందరాజు అందరూ మనుషులుగా బతికి వేల్పులైనవాళ్లే. మనకు విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో గద్దెకు వస్తది. ఇక్కడా అంతే, దర్శనం చేసుకునే విగ్రహం లేదు. ముందు ఒక చెక్క మండపం, దాని వెనక ఇంకో లోపలి గుడి. జనం బయట నిలబడి పైసలు వేసి, రెండు సార్లు వంగి, రెండు సార్లు చప్పట్లు కొట్టి, మళ్లా ఒకసారి వంగి పక్కకు తప్పుకుంటరు. విగ్రహం లేకపోతే భక్తి ఎట్ల అని మనల్ని అడిగేవాళ్లకు ఇక నుంచి టోక్యో కూడా చూపించొచ్చు.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన పెద్దలు చెప్పే కథలో కరువు కాలంలో కప్పం కట్టమని కాకతీయ రాజు సేన పంపితే, ఎదురు నిలిచి పోరాడి ప్రాణాలు ఇచ్చినవాళ్లు దేవతలయ్యారు. టోక్యోలో రాజే దేవుడయ్యాడు. ఈ తేడా నా మనసులో తిరుగుతనే ఉంది. దాని గురించి తర్వాత రాస్తా. ముందు అడవి సంగతి చెప్పాలె.

ఎందుకంటే నన్ను ఎక్కువ ఆపింది గుడి కాదు, అడవి. గైడ్ అక్క నడుస్తూ నడుస్తూ మామూలుగా అన్నది, "ఈ చెట్లన్నీ మనుషులు నాటినవే" అని. నమ్మబుద్ధి కాలేదు. కింద అంతా ఆకుల మెత్త, మీద ఆకాశం కనపడదు, పెద్ద చెట్టు కింద చిన్న చెట్టు, దాని కింద మొలక. నాటిన అడవి అంటే మనకు తెలిసింది వరుసల నీలగిరి, వరుసల టేకు. ఇది అట్ల లేదు. మా ఏటూరునాగారం వైపు అడవిల వదిలేస్తే ఎట్ల ఉంటదో అట్లనే ఉంది, చెట్ల పేర్లు తప్ప.

సంగతి ఏందంటే, నూరేళ్ల కింద ఇక్కడ ఎక్కువ భాగం పొలాలు, గడ్డి నేల. గుడి కట్టాలని అనుకున్నప్పుడే అడవి కూడా ఉండాలని అనుకున్నారు. షింటోలో గుడి చుట్టూ అడవి ఉండాలి. చెట్లు లేని చోట దేవుడు ఎట్ల ఉంటాడు అనేది వాళ్ల లెక్క. ఈ పని హోండా సెయిరోకు అనే అటవీ శాస్త్రవేత్త, ఆయన శిష్యులు హొంగో తకనోరి, ఉఎహరా కెయిజి చేతికి వచ్చింది. అప్పటి ప్రధానమంత్రి ఒకుమా షిగెనొబు మాత్రం, పేరున్న పాత గుళ్ల దగ్గర ఉన్నట్టు ఇక్కడ కూడా నిటారుగా పెరిగే సుగి చెట్లే ఉండాలన్నాడు. చూడటానికి గంభీరంగా ఉంటాయని. హోండా ఒప్పుకోలేదు. టోక్యో నేల సుగి చెట్టుకు పడదు, పక్కనే రైళ్ల పొగ, ఆ పొగకు సుగి బతకదు అని లెక్కలు తీసి చూపించి ప్రధానమంత్రినే ఒప్పించాడు. ఆ నేలకు అసలు ఏ చెట్లు సరిపోతాయో అవే నాటాలని కర్పూరం చెట్టు, ఆకు రాలని ఓక్ జాతి చెట్లు, షీ అనే చెట్టు ఎంచుకున్నారు.

బీజెడ్‌సీ వాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. వాళ్లు ఒకేసారి చివరి అడవిని నాటలేదు. మొదట్లో ఎత్తు పైన్ చెట్లు పైన ఉంటాయి. వాటి కింద హినోకి, సుగి లాంటివి. వాటి కింద కర్పూరం, ఓక్, షీ. కాలం గడిచేకొద్దీ పైవి పోతుంటాయి, కిందివి లేచి వాటి జాగ తీసుకుంటాయి. నూరు, నూట యాభై ఏళ్లకు మనిషి చెయ్యి అవసరం లేకుండా తన గింజలతో తనే మొలిచే అడవి అవుతుంది. ఇది వాళ్లు కాగితం మీద గీసుకున్న ప్లాన్. గీసినవాళ్లకు తెలుసు, ఆ అడవి నిండుగా తయారయ్యే నాటికి తాము ఉండమని.

చెట్లు ఎక్కడివి? దేశమంతా జనం పంపారు. సుమారు లక్ష చెట్లు కానుకగా వచ్చాయి. అప్పుడు 365 రకాలు ఉన్నాయి. ఇప్పుడు చెట్ల లెక్క 36 వేలకు తగ్గింది, కానీ ఉన్నవి మహా వృక్షాలు. బలమైనది నిలబడింది, మిగతాది నేలకు ఎరువైంది. నూరేళ్లు నిండే ముందు చేసిన సర్వేలో మొక్కలు, పురుగులు, పక్షులు అన్నీ కలిపి సుమారు 3,000 రకాల జీవులు కనపడ్డాయి.

మరి నాటింది ఎవరు? ఇది విన్నప్పుడే ఈ గ్రూపుకు రాయాలని అనుకున్న. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు, కూలి రేట్లు పెరిగి పనివాళ్లు దొరకలేదు. అప్పుడు తజవా యొషిహరు అనే ఆయన పల్లెల్లో ఉండే యువజన సంఘాలను పిలుద్దాం అన్నాడు. 1919 నుంచి ఊళ్ల నుంచి జట్లు జట్లుగా యువకులు వచ్చి, కొన్ని రోజులు ఉండి, మట్టి మోసి, గుంతలు తీసి, చెట్లు నాటి పోయారు. అట్లా పనిచేసినవాళ్ల లెక్క మొత్తం లక్షా పది వేలు అంటారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు, ఎక్కువమంది రైతుల పిల్లలు. మనలాంటి సంఘాలే, మనలాంటి వయసే. గుడి పేరు చక్రవర్తిది, అడవి మాత్రం ఆ పిల్లలది.

ఇంకో సంగతి. 1945 ఏప్రిల్‌లో అమెరికా విమానాలు బాంబులు వేస్తే గుడి ముఖ్యమైన కట్టడాలు కాలిపోయాయి. 1958లో జనం చందాలతో మళ్లీ కట్టారు. అంటే మనం ఇప్పుడు చూసే గుడి కంటే చుట్టూ ఉన్న అడవే పాతది. కట్టడం కాలింది, అడవి నిలబడింది.

రోజూ దారి మీద రాలిన ఆకులు ఊడ్చేవాళ్లు ఉన్నరు. పొడుగు కట్టెలకు వెడల్పు చీపుర్లు. ఆ ఆకులు కాలబెట్టరు, చెత్త బండి ఎక్కించరు. మళ్లా అడవిలనే పోస్తరు. నేను పది నిమిషాలు నిలబడి ఊడ్చే తాతనే చూసిన. నూరేళ్లుగా ఇదే పని, ఆకు బయటికి పోదు.

ఇక ఇందాక ఆపిన సంగతి. మంచే చెప్పి ఊరుకుంటే సగం చెప్పినట్టు అయితది. ఇదే మెయిజీ పేరు మీద నడిచిన ప్రభుత్వం జపాన్ ఉత్తరాన ఉన్న ఐను అనే ఆదివాసీలను ఏం చేసింది? ఐను అంటే వాళ్ల భాషలో మనిషి అని. మన కోయతూర్ మాట గుర్తుకు వచ్చింది నాకు. 1869లో వాళ్లు ఉండే దీవికి ప్రభుత్వం హొక్కయిదో అని కొత్త పేరు పెట్టింది. భూమిని సర్కారు భూమి కింద రాసుకుని బయటివాళ్లను తెచ్చి దింపింది. ఆడవాళ్ల పచ్చబొట్లు, మగవాళ్ల చెవి పోగులు వద్దన్నది. వాళ్ల తిండే సాల్మన్ చేప, జింక మాంసం. వాటి మీద ఆంక్షలు పెట్టింది. 1899లో ఒక చట్టం తెచ్చి దానికి రక్షణ చట్టం అని పేరు పెట్టింది. వేటా చేపలూ వదిలి వ్యవసాయం చేసుకోమని కుటుంబానికి 5 హెక్టార్ల లోపు భూమి, పిల్లలకు జపనీస్ బడి. ఆ చట్టం 1997 దాకా ఉంది. ఐనులు ఆదివాసీలే అని జపాన్ పార్లమెంటు తీర్మానం చేసింది 2008లో. చట్టంలో రాసింది 2019లో. రక్షణ పేరుతో వచ్చే కాగితం ఎట్ల ఉంటదో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నా ఫోటోలో ఉన్న ఆ ద్వారం కర్ర కూడా తైవాన్ కొండల నుంచి తెచ్చిందే. అంతకుముందు ఉన్న ద్వారం పిడుగు పడి దెబ్బ తింటే 1975లో ఇది నిలబెట్టారు. 1,500 ఏళ్లు పైబడిన చెట్టు అది. తైవాన్ కొండలు కూడా ఆదివాసీల కొండలే. 1895 నుంచి 1945 దాకా ఆ దీవి జపాన్ చేతిలో ఉంది. మొదలుపెట్టింది మెయిజీ కాలంలోనే.

గైడ్ అక్కను అడిగిన, ఐనుల గురించి మీకు బడిలో చెప్తరా అని. "కొద్దిగా ఉంటది. మీరు అంత దూరం నుంచి వచ్చి అడుగుతరని అనుకోలేదు" అన్నది. తర్వాత తనే, 2020లో హొక్కయిదోలో ఐనుల కోసం జాతీయ మ్యూజియం తెరిచారని ఫోన్‌లో చూపించింది. మంచి మనిషి. నేను మా మేడారం కథ చెప్తే శ్రద్ధగా విన్నది. "అయితే మీ దగ్గర రాజు ఓడించినవాళ్లు దేవుళ్లు" అన్నది. అవును అక్కా అన్న.

గుడి ముందుకు పోయినప్పుడు మావాళ్లంతా చప్పట్లు కొట్టి దండం పెట్టిండ్రు. నేను అతిథిగా తల వంచిన. మొక్కు మాత్రం మొక్కలే. మొక్కు మన వేల్పుకే. ఎవరూ ఎందుకని అడగలే. చిన్న కిమోనోలు కట్టుకున్న పిల్లలను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వచ్చిండ్రు. మూడు, అయిదు, ఏడు ఏళ్ల పిల్లలను నవంబర్‌లో గుడికి తీసుకురావడం వాళ్ల ఆచారం. వాళ్ల భక్తి మీద నాకు గౌరవమే. రాజుకు మొక్కకపోయినా, ఆ అడవి నాటిన పిల్లలను మాత్రం మనసుల తలుచుకున్న.

ఇప్పుడు మా గూడెం సంగతి. మా వేల్పు గద్దె ఊరి బయట నల్లమద్ది చెట్టు కింద ఉంది. చెట్టు వయసు మా తాతకు కూడా తెల్వదు. రాయి, మట్టి గద్దె, వెదురు పందిరి, అంతే. ఈ ఎండాకాలం మా యూత్ వాళ్లు చందాలు జమ చేస్తున్నరు. స్లాబు గుడి, టైల్స్, గేటు, మీద మైకు. పక్క ఊళ్లల్ల కట్టిండ్రు, మనకెందుకు ఉండొద్దు అంటున్నరు. చెట్టు వేళ్లు పునాదికి అడ్డం వస్తయి కాబట్టి చెట్టు తీసేయాలె అని ఒక మాట వచ్చింది. వడ్డె తాత వద్దంటున్నడు. "తాతా, నీకు తెల్వదు, కాలం మారింది" అంటున్నరు. సంక్రాంతి మీటింగ్ దీని మీదనే.

యూత్ అన్నలను తప్పు పట్టడానికి రాయట్లేదు. మన దేవర కూడా గొప్పగా కనపడాలె, బయటివాళ్లు వచ్చి ఇదేం గుడి, రాయి కదా అని నవ్వొద్దు అనేదే వాళ్ల బాధ. ఆ నవ్వు హాస్టల్‌లో నేనూ విన్న. కానీ ఒక్కటి ఆలోచించండి. టోక్యోలో పైసలకు కొదువ లేదు, ఇనుముకు, సిమెంటుకు కొదువ లేదు. అట్లాంటి చోట తమ చక్రవర్తికి అన్నిటికంటే గొప్ప గౌరవం ఇవ్వాలనుకున్నప్పుడు వాళ్లు ఏం చేశారు? లేని అడవిని తయారు చేశారు. దానికి నూరేళ్లు, లక్ష చెట్లు, లక్ష మంది చేతులు పట్టాయి. మన వేల్పుకు అది ఏ ఖర్చూ లేకుండా ముందే ఉంది. దాన్ని కొట్టి స్లాబు పోస్తే మనం గొప్పోళ్లం ఎట్ల అయితం?

వాళ్లది అచ్చం మనకు పట్టుకొచ్చి పెట్టాలని కూడా అనట్లే. ఆ అడవిలోకి జనం పోవద్దు, దారి మీదనే నడవాలె, ఆకు ముట్టొద్దు. ఊరి నడుమ అడవికి అది సరిపోతదేమో. మనది తునికాకు కోసుకునే అడవి, ఇప్పపువ్వు ఏరుకునే అడవి, గడ్డలు తవ్వుకునే అడవి. మనుషులు బయటికి పోతేనే అడవి బతుకుతది అనే మాట మనం చాలాసార్లు విన్నం, దానికి తలూపాల్సిన పని లేదు. తీసుకోవాల్సింది ఒకటే. దేవుడి జాగకు అందం కట్టడంతోనే రాదు, చెట్టుతో వస్తది. ఆ చెట్టును చూసుకునే పని యువజన సంఘానిదే.

అందుకే మీటింగ్‌లో నేను నాలుగు మాటలు పెడతా. ఒకటి, నల్లమద్దిని ముట్టొద్దు. రెండు, జమైన చందాతో గద్దె చుట్టూ రాతి అరుగు, జాతరకు వచ్చినవాళ్లకు నీళ్లు, ఆడవాళ్లకు చాటు ఉండే గదులు చెట్టుకు దూరంగా కట్టుకుందాం. మూడు, వానకాలంలో గద్దె చుట్టూ మన నేల చెట్లే నాటుదాం, నల్లమద్ది, ఇప్ప, ఏగి, నేరేడు. ఏది ఎక్కడ బతుకుతదో వడ్డె తాతను, అమ్మమ్మలను అడిగి నాటుదాం. నాలుగు, గ్రామసభ తీర్మానం రాయించుదాం. 2006 అటవీ హక్కుల చట్టంలో చుట్టూ ఉన్న అడవిని, మన సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. మాటగా చెప్పుకుంటే రేపు మర్చిపోతరు, కాగితం మీద ఉంటే నిలబడతది.

మీ ఊళ్లో కూడా ఇట్లాంటి ముచ్చట నడుస్తుంటే కింద రాయండి. గద్దె దగ్గర చెట్టు పోయిన ఊళ్లవాళ్లు, చెట్టు నిలబెట్టుకున్న ఊళ్లవాళ్లు ఇద్దరూ రాయండి. మీటింగ్‌లో చదివి వినిపిస్తా. మావాళ్లకు నా జపాన్ కథ కంటే మీ ఊరి కథే ఎక్కువ ఎక్కుతది. మొక్కలు ఇచ్చే నర్సరీ ఎవరికైనా తెలిస్తే నంబర్ నాకు విడిగా పంపండి.

జై ఆదివాసీ.